మంచం పట్టని వైకల్యం, లెక్కకు రాని సేవ



ప్రతి నెల మొదటి తేదీన సచివాలయ ఉద్యోగి గడప దగ్గరకు వచ్చి పింఛను సొమ్ము చేతిలో పెట్టడం మన పల్లెల్లో అలవాటైపోయింది. 2024 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం జారీ చేసిన 43వ నంబరు జీవోతో దివ్యాంగుల పింఛను రూ.3,000 నుంచి రూ.6,000కు పెరిగింది. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణతతో బాధపడేవారికి రూ.15,000 ఇస్తున్నారు. ఇది మంచి పని. కేంద్ర ప్రభుత్వ దివ్యాంగ పింఛనులో కేంద్రం వాటా నెలకు రూ.300 మాత్రమేనని, అదీ 80 శాతం వైకల్యం ఉన్న నిరుపేదలకే పరిమితమని తెలిసినవారికి ఈ పెంపు విలువ అర్థమవుతుంది. దీనిని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు.

అయితే ఈ లెక్కలో కనిపించని మనిషి ఒకరున్నారు. నడవగలిగి, పరుగెత్తగలిగి, అన్నం తినగలిగి కూడా ఒక్క గంటసేపు ఒంటరిగా వదలడానికి వీలులేని బిడ్డను ఇరవై, ముప్పై, నలభై ఏళ్లపాటు కనిపెట్టుకుని ఉండే తల్లి. కొన్ని ఇళ్లలో తండ్రి, మరికొన్ని ఇళ్లలో అమ్మమ్మ, నాయనమ్మ, పెళ్లి మానుకున్న అక్క. మన విధానం కాళ్లను చూసి సొమ్మును నిర్ణయిస్తున్నది, కాపలాను చూసి కాదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇదే. సంరక్షకులకు భత్యం ఇవ్వాలన్న మాట మన చట్టంలో 2016 నుంచీ ఉన్నది. దానిని అమలులోకి తెమ్మని అడగవలసిన సమయం వచ్చింది.

ఏ వైకల్యం గురించి మాట్లాడుతున్నాం?

మన ఊళ్లలో ‘బుద్ధిమాంద్యం’ అనీ, ‘మానసిక వికలాంగులు’ అనీ వాడుకలో ఉన్న స్థితిని ఇప్పుడు ‘మేధో వైకల్యం’ అంటున్నాం. ఎదిగే వయసులోనే మొదలై, తెలివితేటల్లోనూ, నిత్యజీవితపు పనులు నేర్చుకుని చేసుకోవడంలోనూ వెనుకబాటు కనిపించే స్థితి ఇది. ఇది పిచ్చి కాదు. స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధులు వేరు, వాటికి మందులున్నాయి. అక్షరాలు, అంకెలు పట్టుబడని డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యం కూడా వేరు. ఆ పిల్లల తెలివితేటలు మామూలుగానే ఉంటాయి. ఈ మూడింటినీ కలిపేయడం వల్ల మన సమాజంలో చాలా అనర్థం జరుగుతున్నది. మేధో వైకల్యం ఉన్న బిడ్డను భూతవైద్యుల చుట్టూ తిప్పినవారిని, పెళ్లి చేస్తే నయమవుతుందని నమ్మినవారిని నేను ఎందరినో చూశాను.

కారణాలు అనేకం. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండడం వల్ల డౌన్ సిండ్రోమ్ వస్తుంది. ఈ సంగతి 1959లోనే తేలింది. కాన్పు సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉండి దానిని గుర్తించకపోవడం, పసితనంలో మెదడువాపు, నెలలు నిండకుండా పుట్టడం ఇతర కారణాలు. మేనరికపు పెళ్లిళ్ల వల్ల కొన్ని జన్యులోపాల ముప్పు పెరుగుతుంది. వీటిలో కొన్నింటిని నివారించవచ్చు. పుట్టిన కొద్దిరోజులకే ఒక చిన్న రక్తపరీక్షతో థైరాయిడ్ లోపాన్ని పట్టుకుని, రోజుకొక మాత్ర ఇస్తే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. కానీ వైకల్యం ఏర్పడిన తర్వాత దానిని మాయం చేసే మందు ఏదీ లేదు. ఉన్నది శిక్షణ మాత్రమే. మాట, నడక, బొత్తాలు పెట్టుకోవడం, మరుగుదొడ్డి వాడకం, డబ్బు లెక్క వంటివి ఓపికగా నేర్పితే, వైకల్యం స్వల్పంగా ఉన్నవారు చాలావరకు తమ పనులు తాము చేసుకోగలరు. తీవ్రంగా ఉన్నవారికి జీవితాంతం తోడు కావాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగుల్లో సుమారు 15 లక్షల మంది ఈ విభాగానికి చెందినవారు. బయటకు చెప్పుకోవడానికి సంకోచించే కుటుంబాలను తలచుకుంటే అసలు సంఖ్య ఇంకా ఎక్కువే అనుకోవాలి.

చట్టం నడిచిన దారి

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో బుద్ధిమాంద్యమూ ఉన్నది. కానీ ఆ చట్టం ఇచ్చిన 3 శాతం ఉద్యోగ రిజర్వేషన్ చూపు, వినికిడి, కదలికల లోపం ఉన్నవారికే పరిమితమైంది. మేధో వైకల్యం ఉన్నవారు పేరుకు జాబితాలో ఉండి, ఫలానికి బయట ఉండిపోయారు.

1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసమే ప్రత్యేకంగా చేసిన చట్టమిది. ‘మేము పోయిన తర్వాత మా బిడ్డకు దిక్కెవరు?’ అన్న తల్లిదండ్రుల ప్రశ్నకు జవాబు వెదికే ప్రయత్నం అందులో కనిపిస్తుంది. జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలో స్థానిక స్థాయి కమిటీ ఏర్పడి, 18 ఏళ్లు నిండిన బిడ్డకు చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించే ఏర్పాటు ఈ చట్టమే చేసింది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. ఏడు రకాల వైకల్యాలు ఇరవై ఒకటి అయ్యాయి. ఉద్యోగాల్లో రిజర్వేషన్ 4 శాతానికి పెరిగింది. అందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యం ఉన్నవారి వంతుకు వచ్చింది. 40 శాతం వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కయింది.

ఆ చట్టంలోని 24వ సెక్షన్‌ను పాఠకులు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. ప్రభుత్వాలు చేపట్టవలసిన సామాజిక భద్రతా పథకాల జాబితా అందులో ఉన్నది. దివ్యాంగుల పింఛను ఒక అంశమైతే, దానితో పాటు విడిగా మరొక అంశం ఉన్నది: అధిక సహాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం. పింఛను వేరు, ఈ భత్యం వేరు. ఒకటి ఇచ్చినంత మాత్రాన రెండవది ఇచ్చినట్టు కాదు. అధిక సహాయం ఎవరికి అవసరమో తేల్చడానికి 38వ సెక్షన్ కింద దరఖాస్తు చేసుకునే వీలు కూడా చట్టం కల్పించింది. ‘అధిక సహాయం’ అంటే శారీరకమైనదే కాదు, మానసికమైనది కూడా అని చట్టమే నిర్వచించింది. నిర్ణయాలు తీసుకోవడానికి, చదువుకు, వైద్యానికి, నలుగురిలో మసలడానికి కావలసిన తోడు అంతా అందులోకి వస్తుంది.

ఆరువేలకూ పదిహేనువేలకూ మధ్య

ఇప్పుడు మన పింఛను లెక్కకు వద్దాం. రెండు ఇళ్లను ఊహించుకోండి. ఒక ఇంట్లో నలభై ఏళ్ల వ్యక్తి ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని మంచాన పడ్డాడు. అతనికి నీళ్లు పోయాలి, పక్కకు తిప్పాలి, పుండ్లు పడకుండా చూడాలి. అతనికి రూ.15,000 ఇవ్వడం పూర్తిగా న్యాయం. పక్క ఇంట్లో ఇరవై రెండేళ్ల యువకునికి తీవ్రమైన మేధో వైకల్యం, దానితో పాటు మూర్ఛ. అతను నడుస్తాడు. నడుస్తాడు గనుకనే సమస్య. తలుపు తెరచి ఉంటే వీధిలోకి, వీధి చివర పంటకాలువలోకి వెళ్లిపోతాడు. పొయ్యి దగ్గర చెయ్యి పెడతాడు. రాత్రి రెండు గంటలకు లేచి అరుస్తాడు. ఆకలి, నొప్పి చెప్పలేడు. ఆ తల్లి గత ఇరవై ఏళ్లలో ఒక రాత్రి నిండుగా నిద్రపోయి ఎరుగదు. ఆ ఇంటికి వచ్చేది రూ.6,000.

రోజుకు లెక్కిస్తే రెండు వందల రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ దినకూలి రూ.307. తిండి, మందులు, ఫిజియోథెరపీ, ఆసుపత్రికి ఆటో ఖర్చు అన్నీ ఆ రెండు వందల్లోనే సర్దుకోవాలి. బిడ్డను వదలి కూలికి వెళ్లలేని తల్లి కోల్పోయే సంపాదన ఏ పద్దులోనూ లేదు.

ఒక వైకల్యం పెద్దది, మరొకటి చిన్నది అని నేను అనడం లేదు. మంచాన పడినవారి పింఛనులో ఒక్క రూపాయి కూడా తగ్గించరాదు. కొలమానం మాత్రం మారాలి. శరీరం ఎంత కదులుతుంది అన్నదానితో పాటు, రోజుకు ఎన్ని గంటలు రెండవ మనిషి ఉండాలి అన్నది కూడా కొలవాలి.

పునఃపరిశీలన తెచ్చిన భయం

2025 జనవరి నుంచి ప్రభుత్వం దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన చేపట్టింది. మొదట రూ.15,000 పొందేవారి ఇళ్లకు వైద్యబృందాలు వెళ్లాయి. తర్వాత మిగిలినవారిని ఆసుపత్రులకు పిలిచి పరీక్షించారు. ఆ ఏడాది ఆగస్టులో చాలామందికి నోటీసులు అందాయి. ఆందోళన రేగిన మీదట అప్పీలు చేసుకునే అవకాశం ఇచ్చారు.

సూత్రప్రాయంగా తనిఖీని నేను సమర్థిస్తాను. తప్పుడు సర్టిఫికెట్లు లేవని ఏ ప్రభుత్వ వైద్యుడూ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేడు. అనర్హుని చేతికి వెళ్లే ప్రతి రూపాయీ అర్హుని నోటిదగ్గరి కూడే. కానీ మేధో వైకల్యం విషయంలో మూడు సంగతులు ఆలోచించాలి.

మొదటిది, ఇది తగ్గిపోయే జబ్బు కాదు. కేంద్రం 2018లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం మేధో వైకల్య సర్టిఫికెట్‌ను 5, 10, 18 ఏళ్ల వయసుల్లో నవీకరించాలి. 18వ ఏట ఇచ్చినది జీవితాంతం చెల్లుతుంది. పిల్లలు ఎదుగుతారు గనుక వారిని మళ్లీ చూడడం సబబే. ముప్పై అయిదేళ్ల డౌన్ సిండ్రోమ్ వ్యక్తిని మళ్లీ వరుసలో నిలబెట్టి ఏమి కనుగొంటాం? అతని క్రోమోజోములు ఆ మధ్యకాలంలో మారవు. సర్టిఫికెట్ అసలైనదా, నకిలీదా అన్నది రికార్డుల్లో తేల్చుకోవచ్చు. అనుమానం ఉన్నవారినే పిలవవచ్చు.

రెండవది, పరీక్షించే పద్ధతి. ఎముక విరిగిందా లేదా అన్నది ఎక్స్‌రే చెబుతుంది. మేధో వైకల్యానికి అటువంటి ఫిల్ము లేదు. ప్రజ్ఞాపరీక్ష చేయాలి, దానితో పాటు వైన్‌ల్యాండ్ సామాజిక పరిపక్వత కొలమానం ద్వారా బిడ్డ ఏ పనులు చేసుకోగలడో తల్లిని అడిగి తెలుసుకోవాలి. పిల్లల వైద్యుడో మానసిక వైద్యుడో, శిక్షణ పొందిన సైకాలజిస్టో కూర్చుని తీరికగా చేయవలసిన పని ఇది. క్రిక్కిరిసిన శిబిరంలో, తెలియని ముఖాల మధ్య, పొద్దుటి నుంచి ఆకలితో ఉన్న బిడ్డ మొండికేస్తే ఆ అంకెకు విలువ ఏముంటుంది?

నేను సర్వీసులో ఉన్న కాలంలో ఒక సంగతి పదేపదే గమనించాను. తల్లిని అడుగుతాం: “అమ్మా, బాబు తన బట్టలు తాను వేసుకుంటాడా?” ఆమె బిడ్డవైపు చూసి, “వేసుకుంటాడండీ డాక్టరుగారూ, అన్నీ వేసుకుంటాడు” అంటుంది. పక్కనున్న తండ్రో, పెద్దమ్మో మోచేత్తో పొడుస్తారు. నలుగురిలో తన బిడ్డను తక్కువచేసి చెప్పడానికి ఆ తల్లికి నోరు రాదు. చొక్కా చేతుల్లో పెట్టి, చేయి పట్టుకుని, బొత్తాలు తాను పెడితే ‘వేసుకుంటాడు’ అన్నది ఆమె లెక్క. సర్టిఫికెట్ కావాలంటే బిడ్డ చేతకానితనాన్ని ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టాలి. ఆ బాధ తెలిసిన వైద్యుడు ప్రశ్నను మరో విధంగా అడుగుతాడు: “నువ్వు పక్కన లేకపోతే ఎలాగమ్మా?” అప్పుడు నిజం బయటికి వస్తుంది.

మూడవది, శాతాల మెట్లు. అవే మార్గదర్శకాల ప్రకారం స్వల్ప మేధో వైకల్యానికి 50 శాతం, మధ్యస్థానికి 75, తీవ్రానికి 90, అతి తీవ్రానికి 100 శాతం. స్వల్పానికి కాస్త పైన, సరిహద్దులో ఉన్నవారికి 25 శాతం. పింఛనుకు 40 శాతం ఉండాలి. కనుక తల్లి ఏళ్ల తరబడి కష్టపడి నేర్పించగా స్వల్ప వైకల్యం ఉన్న బిడ్డ కొలమానంలో ఒక మెట్టు ఎక్కితే, శాతం 50 నుంచి నేరుగా 25కు పడి పింఛను పూర్తిగా పోతుంది. ఆ బిడ్డకు ఉద్యోగం రాలేదు, తోడు అవసరం తీరలేదు. పని నేర్పినందుకు శిక్ష పడినట్టవుతుంది. పింఛను ఒక్కసారిగా తెగకుండా దశలవారీగా తగ్గే పద్ధతి ఉంటే, నేర్పడానికి ఎవరూ భయపడరు.

కోనసీమలో కాపలా అంటే

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలకు మరికొన్ని ప్రత్యేకతలున్నాయి. మనది నీటి మధ్య బ్రతుకు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు, వాటి మధ్య లంకలు, ఊరూరా పంటకాలువలు, ఇంటింటా చెరువులు, నూతులు. అపాయం తెలియని బిడ్డ ఉన్న ఇంటికి ఈ నీరే భయం. దొడ్డికి దడి కట్టి, తలుపుకు గడియ పైన బిగించి, పగలంతా చెవి అటే పెట్టి పని చేసుకునే తల్లులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు.

మన ప్రాంతం నుంచి వేలాది స్త్రీలు ఇంటిపనుల కోసం కువైట్‌కు, మస్కట్‌కు, దుబాయ్‌కి వెళ్తారు. అక్కడ పరాయి పిల్లలను, వృద్ధులను చూసుకుని పంపే డబ్బుతో ఇక్కడ ఇల్లు నడుస్తుంది. ఆ ఇంట్లో వైకల్యం ఉన్న బిడ్డ ఉంటే వాణ్ణి చూసుకునేది అమ్మమ్మ. ఆమెకు అరవై అయిదు దాటి ఉంటాయి, మోకాళ్ల నొప్పులు, బీపీ, షుగరు ఉంటాయి. ఎదిగిన మనవణ్ణి ఆపడానికి ఆమె బలం చాలదు. మన కుటుంబంలో స్త్రీ చేసే సేవకు గల్ఫ్‌లో జీతం ఉన్నది, సొంత ఇంట్లో విలువ లేదు.

వరద వచ్చినప్పుడు కష్టం రెట్టింపవుతుంది. 2022 జూలైలో గోదావరి పొంగి లంకలు మునిగినప్పుడు జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించారు. మనుషుల రద్దీని, గోలను తట్టుకోలేని ఆటిజం బిడ్డతో బడి గదిలో వందమంది మధ్య ఉండడం ఎంత కష్టమో ఆలోచించండి. మందు ఒక్కరోజు తప్పినా మూర్ఛ తిరగబెట్టవచ్చు. విపత్తుల సమయంలో దివ్యాంగులకు ప్రత్యేక సహాయం అందించాలని కూడా అదే 24వ సెక్షన్ చెబుతున్నది. లంక గ్రామాల్లో ఇటువంటి ఇళ్ల జాబితా సచివాలయంలోనే సిద్ధంగా ఉండడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడడంతో ఒక మేలు జరిగింది. అంతకుముందు కలెక్టరేటు పని మీద కాకినాడకు వెళ్లవలసి వచ్చేది, ఇప్పుడు అమలాపురంలోనే ఉన్నది. ఆ సౌకర్యం సర్టిఫికెట్లు, సంరక్షక నియామకం, శిక్షణ వంటి సేవలకు కూడా పూర్తిగా విస్తరించాలి. మండలాల్లోని భవిత కేంద్రాలు బడి వయసు పిల్లలకు కొంత ఊరట. పద్ధెనిమిదేళ్లు దాటితే ఆ తలుపు కూడా మూసుకుంటుంది. ఆ తర్వాత మిగిలే నలభై యాభై ఏళ్లు ఇల్లే బడి, ఇల్లే ఆసుపత్రి.

సొంత బిడ్డను చూసుకోవడానికి డబ్బా?

ఈ ప్రశ్న తప్పక వస్తుంది. మన దగ్గరే కాదు, బ్రిటన్‌లోనూ వచ్చింది. అక్కడ 1976లో, పని మానుకుని వికలాంగులను చూసుకునేవారికి భత్యం మొదలుపెట్టారు. కానీ పెళ్లయిన స్త్రీలను మినహాయించారు. వారు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కదా అన్నది వాదన. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానుకున్న జాకెలిన్ డ్రేక్ అనే గృహిణి కేసు యూరోపియన్ న్యాయస్థానం వరకు వెళ్లింది. 1986లో ఆమె గెలిచింది. ఆ తర్వాతే పెళ్లయిన స్త్రీల సేవ అక్కడి లెక్కల్లోకి ఎక్కింది.

అంత దూరం ఎందుకు? మన దక్షిణాదిలోనే కేరళలో ‘ఆశ్వాసకిరణం’ పథకం ఉన్నది. మంచాన పడినవారిని, తీవ్ర మానసిక వికలాంగులను ఇంట్లో చూసుకునేవారికి నెలకు రూ.600 ఇవ్వడం దాని ఉద్దేశం. మొత్తం చిన్నది. కానీ సంరక్షకురాలు అనే మనిషి ఉన్నదని ప్రభుత్వ కాగితం మీద రాసి ఉన్నది.

మన సుప్రీంకోర్టు కూడా 2024 ఏప్రిల్‌లో వైకల్యం ఉన్న బిడ్డ గల ఒక ప్రభుత్వ ఉద్యోగిని కేసులో, శిశు సంరక్షణ సెలవు నిరాకరిస్తే తల్లి ఉద్యోగమే వదులుకోవలసి వస్తుందని, స్త్రీలు పనిలో కొనసాగడం రాజ్యాంగం ఇచ్చిన హక్కే కాని దయ కాదని చెప్పింది. ఉద్యోగిని తల్లికి సెలవు హక్కయితే, కొబ్బరి పీచు పనికో వరి కోతకో వెళ్లలేక ఇంట్లో ఉండిపోయిన తల్లికి ఏదీ వద్దా?

డబ్బు ఎక్కడిది అన్నది రెండవ ప్రశ్న. చట్టం కూడా ‘ఆర్థిక స్థోమతకు లోబడి’ అన్నది. నిజమే. అందుకే అందరికీ ఒకేసారి ఇవ్వమని నేను అనడం లేదు. తీవ్ర, అతి తీవ్ర మేధో వైకల్యం ఉన్నవారి సంరక్షకులతో మొదలుపెట్టవచ్చు. తల్లి చతికిలబడిపోతే ఆ బిడ్డను ప్రభుత్వమే ఆశ్రమంలో పోషించవలసి వస్తుంది. అప్పుడయ్యే ఖర్చు ముందు ఈ భత్యం చాలా చిన్నది.

ప్రభుత్వాన్ని అడగవలసినవి

1. పింఛనుకు తోడుగా, 24వ సెక్షన్ ప్రకారం సంరక్షకుల భత్యం. అది సంరక్షకురాలి ఖాతాలోనే పడాలి.
2. రూ.15,000 విభాగంలో చేర్చడానికి ‘మంచం, చక్రాల కుర్చీ’తో పాటు ‘నిరంతర పర్యవేక్షణ’ను కూడా ప్రమాణంగా తీసుకోవడం.
3. 18 ఏళ్లు దాటిన మేధో వైకల్య వ్యక్తుల సర్టిఫికెట్లను జీవితకాలపువిగా గౌరవించడం. తనిఖీ అవసరమైతే ఇంటి దగ్గరే చేయడం.
4. పెద్దవారైన దివ్యాంగులకు నియోజకవర్గానికి ఒక్కటైనా పగటి సంరక్షణ కేంద్రం. తల్లి అయిదారు గంటలు పని చేసుకోగలిగితే ఆ ఇల్లు నిలబడుతుంది.

కుటుంబాలు ఇప్పుడే చేసుకోవలసినవి

ప్రభుత్వం కదిలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. ఉన్న సదుపాయాలను వాడుకోండి.

యుడిఐడి కార్డు తీసుకోండి. దేశమంతటా చెల్లే గుర్తింపు అది. సదరం సర్టిఫికెట్, పాత వైద్య రికార్డులు, ప్రజ్ఞాపరీక్ష నివేదికలు అన్నీ ఒకే ఫైలులో పెట్టి, జిరాక్సులు వేరే ఇంట్లో కూడా ఉంచండి. వరదకు కాగితాలు పోగొట్టుకున్నవారి అవస్థ మనకు తెలుసు.

నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ ఆరోగ్య బీమాలో చేరండి. ఏడాదికి రూ.1 లక్ష వరకు రక్షణ ఉంటుంది. ముందస్తు వైద్యపరీక్షలు అక్కరలేదు. థెరపీ ఖర్చులకు కూడా కొంత వర్తిస్తుంది.

బిడ్డకు 18 నిండగానే కలెక్టరు కార్యాలయంలో స్థానిక స్థాయి కమిటీకి సంరక్షక నియామకం కోసం దరఖాస్తు చేయండి. 18 దాటితే తల్లిదండ్రులైనా చట్టం దృష్టిలో తమంతట తాము సంరక్షకులు కారు. ఆస్తి, బ్యాంకు వ్యవహారాల్లో ఈ కాగితం లేక చిక్కుల్లో పడినవారు అనేకులు. మీకు వయసు మీద పడుతుంటే, మీ తర్వాత బాధ్యత తీసుకునేవారి గురించి కూడా ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారులు తమ బిడ్డ పేరును సర్వీసు రికార్డుల్లో నమోదు చేయించండి. సొంతంగా జీవనం సాగించలేని వికలాంగ సంతానానికి కుటుంబ పింఛను జీవితాంతం వచ్చే వీలున్నది. ఆదాయపు పన్ను కట్టేవారికి పాత విధానంలో 80డిడి సెక్షన్ కింద రూ.75,000, తీవ్ర వైకల్యమైతే రూ.1,25,000 మినహాయింపు ఉన్నది.

పింఛను నోటీసు వస్తే దానిని పక్కన పడేయవద్దు. గడువులోగా అప్పీలు చేయండి. పరీక్షకు వెళ్లినప్పుడు బిడ్డకు తిండి పెట్టి, మందులు వేసి తీసుకువెళ్లండి. మీ బిడ్డ చేయలేని పనులను సిగ్గుపడకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అది బిడ్డను తక్కువ చేయడం కాదు.

చివరిగా, తల్లులారా, మీ ఒంటిని కూడా చూసుకోండి. ఏళ్ల తరబడి నిద్ర చాలకపోతే బీపీ, షుగరు, నడుంనొప్పి, దిగులు జబ్బు తప్పవు. మీరు ఆరునెలలకొకసారి బీపీ, షుగరు పరీక్ష చేయించుకోవడం మీ బిడ్డ వైద్యంలో భాగమే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తోటికోడళ్లు వారంలో ఒక పూట ఆ తల్లికి విరామం ఇవ్వగలిగితే అంతకు మించిన మందు నేను రాయలేను.

మన తర్వాత

వైద్యం పెరిగి ఆయుష్షు పెరిగింది. అమెరికాలో 1980ల ఆరంభంలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం సుమారు 25 ఏళ్లు. ఇప్పుడు అది 60కి చేరింది. మన దగ్గర కూడా ఈ బిడ్డలు తల్లిదండ్రుల కంటే ఎక్కువకాలం జీవించే రోజులు వచ్చాయి. ఇది సంతోషించవలసిన విషయం. అదే సమయంలో, డెబ్బై అయిదేళ్ల తల్లి యాభై ఏళ్ల బిడ్డకు అన్నం కలిపి పెట్టే ఇళ్లు పెరుగుతాయి. ‘వాడు నాకంటే ఒక్కరోజు ముందు పోతే చాలు బాబూ’ అని ఆ తల్లులు అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కన్నతల్లి చేత అలాంటి ప్రార్థన చేయించే సమాజం తన విధానాలను మరొకసారి చూసుకోవాలి.

మీ ఊరిలో ఇటువంటి ఇల్లు ఒకటి తప్పక ఉంటుంది. గ్రామసభ జరిగినప్పుడు, ప్రజాప్రతినిధి మీ వీధికి వచ్చినప్పుడు, 24వ సెక్షన్‌లోని సంరక్షకుల భత్యం సంగతి ఏమైందని అడగండి. ఆ తల్లికి సభకు వచ్చే తీరిక ఉండదు. ఆమె తరఫున మనమే అడగాలి.